నలబై ఒకటో నంబరు బిళ్ళ

ఓదెలుకు పదకొండు మంది దొరుకుతలేరు.

హాజరు చెక్క మీద చూస్తే మేకులు ఇరవై ఆరు, మనిషికొకటి. గ్రౌండ్ల చూస్తే మనుషులు పదిహేడు. ఆ పదిహేడు మందిల ఇద్దరికి మోకాళ్ళ నొప్పి, ఇద్దరికి నైట్ డ్యూటీ నిద్ర, ఇంకో ముగ్గురైతే ఆట కంటె ముచ్చటకే వస్తరు. ఆదివారం నాడేమో గేటు కాలనీ టీంతోని మ్యాచ్. వాళ్ళు బొజ్జలు కరగదీసుకొని, మేజోళ్ళు మోకాళ్ళ దాక గుంజుకొని దిగే టీం.

రెండు రోజుల సంది ఓదెలు బువ్వ తినుకుంట కూడ వేళ్ళ మీద లెక్క పెడుతుండు. పెండ్లాం స్వరూప చూసి నవ్వింది.

"ఏందయ్యా, ఎవల పెండ్లికి పిలుపులు?"

"నీకేం సమజైతది. టీం తయారు చేస్తున్న."

"గా లతీఫ్ ఉస్తాద్ ఉన్నడు గదా తయారు చెయ్యనీకె."

"ఉస్తాద్ మెత్తటి మనిషి" అన్నడు ఓదెలు. "మెత్తగుంటె ఎవడన్న వింటడా?"

స్వరూప ఆయన గిన్నెల ఇంకింత పప్పు పోసి లేసిపోయింది.

ఆ గ్రౌండ్ ఐదో నంబరు బాయి ముంగట ఉంటది. ఆ దిక్కు బొగ్గుగనిని బాయి అనే అంటరు. ఆ బాయి మూతపడి పన్నెండేండ్లాయె. ఒకప్పుడు మూడు షిఫ్టుల మనుషులు నిలబడ్డ జాగ, ఇప్పుడు సాయంత్రం ఐదు కొట్టంగనె మగోళ్ళు ఫుట్‌బాల్ ఆడుతరు. పోరగాండ్లు కాదు. ముప్పై ఐదేండ్లు దాటినోళ్ళే. బీపీ ఉన్నోళ్ళు, షుగర్ ఉన్నోళ్ళు, డ్యూటీ దిగినంక ఇంట్ల ఎవలతోని ఏం మాట్లాడాల్నో తెల్వక గోడ దిక్కు మల్లి పండుకునేటోళ్ళు.

ఉస్తాద్ లతీఫ్‌కు డెబ్బై ఒక్క ఏండ్లు. సన్నగ, వెదురు కట్టె లెక్క ఉంటడు. ఒకప్పుడు మంచి ప్లేయర్ అంటరు గని, ఆయన బతుకంత ల్యాంప్ రూంలనే గడిచింది. ముప్పై నాలుగేండ్లు. బాయిల దిగేటోళ్ళు తలకు కట్టుకునే లైట్లు ఇచ్చే అర్రనే ల్యాంప్ రూం. లైటు తీస్కపోయే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ ఇచ్చి పోవాలె. పైకొచ్చినంక లైటు ఇచ్చి, బిళ్ళ తీస్కోవాలె.

బాయి మూసేసినప్పుడు ఆ బిళ్ళలన్ని పాత ఇనుము కింద పోతుంటె ఉస్తాద్ అడిగి ఒక సంచి నింపుకొచ్చుకున్నడు. ల్యాంప్ రూం తలుపు చెక్క కూడ ఒకటి తెచ్చుకున్నడు. దానికి మేకులు కొట్టి గ్రౌండ్ గోడకు నిలబెట్టిండు.

ఆటకు వచ్చేటోనికి ఒక్కొక్కనికి ఒక్కొక్క బిళ్ళ. రాంగనె మేకు మీదికెల్లి తన బిళ్ళ తీసి రేకు డబ్బాల వెయ్యాలె. పోయేటప్పుడు డబ్బాలకెల్లి తీసి మళ్ళ మేకుకు తగిలియ్యాలె. గంతే. హాజరు పుస్తకం లేదు, సంతకం లేదు.

ఆట మొదలైనంక అందరు బాల్ దిక్కు చూస్తరు. ఉస్తాద్ ఒక్కడే చెక్క దిక్కు చూసుకుంట నిలబడ్తడు. మేకుల మీద మిగిలిన బిళ్ళలు చూసుకుంట. వెనకకెల్లి గోల్ పడ్డా తిరిగి చూడడు.

"ఉస్తాద్‌కు చూపు ఇటు, చెవి అటు" అని నవ్వుకుంటరు అందరు.

ఉస్తాద్ పెట్టిన కానూన్ ఒకటే. యాభై దాటినోని కాళ్ళ దగ్గర బాల్ ఉంటె, మూడు లెక్కపెట్టినంకనే గుంజుకోవాలె. ఒకటి, రెండు, మూడు అని గట్టిగ, అందరికి వినపడేటట్టు. ఆ మూడు లెక్కల ముసలోడు బాల్ తన్నుకుంటడు, లేకపోతే ఊపిరన్న పీల్చుకుంటడు.

ఆట అయినంక అందరు మట్టిల కూసొని బూట్ల లేసులు ఇప్పుకుంటరు. అసలు ముచ్చట్లు అప్పుడే. మొఖాల మొఖం పెట్టి చెప్పలేని మాట మగోడు లేసు దిక్కు చూసుకుంట చెప్తడు. "నిద్ర పడ్తలేదు ఉస్తాద్" అని ఒకడు. "కొడుకు మాట్లాడుతలేడు" అని ఇంకొకడు. ఉస్తాద్ సలహాలు చెప్పడు. "ఊఁ" అంటడు. చాయ పోస్తడు. ఒక్కోసారి ముడిపడ్డ లేసు తనే ఇప్పుతడు.

ఓదెలు కూడ అట్ల వచ్చినోడే. ఓపెన్ కాస్ట్ గనిల డంపర్ నడుపుతడు. భూమి లోపలికి ఎన్నడు దిగినోడు కాదు. ఎనిమిది గంటలు సీట్ల కూసునుడు, ఇంటికొచ్చి మంచంల కూసునుడు. ముప్పై తొమ్మిదేండ్లకు తొంబై నాలుగు కిలోలు అయిండు. బీపీ చూసిన డాక్టరు మిషన్ పాడైందేమో అని ఇంకో మిషన్ తెచ్చి చూసిండు. ఇంట్ల చిన్న మాటకు గిన్నెలు ఇసిరేసేటోడు.

మొదటిరోజు స్వరూప పోరు పడలేక గ్రౌండ్‌కు వచ్చిండు. ఉస్తాద్ పేరు కూడ అడగలే.

"నూట పన్నెండు నీది. తీసి డబ్బాల వెయ్ బేటా" అన్నడు.

ఓదెలు మేకు మీదికెల్లి బిళ్ళ తీసిండు. దాని మీద వేలు మందం దుమ్ము. ఉఫ్ అని ఊదితె కండ్లల్ల పడి దగ్గొచ్చింది. పాత సామాను, గట్లనే ఉంటది అనుకొని డబ్బాల ఏసిండు.

అది ఏడాదిన్నర కింద ముచ్చట. ఇప్పుడు ఓదెలు డెబ్బై ఎనిమిది కిలోలు. గుట్కా మానేసిండు. రాత్రి పండుకుంటె పొద్దుగాల లేస్తుండు. గిన్నెలు ఇసురుడు బందయింది. ఉస్తాద్ అంటె పానం.

కని గుట్కా కొత్తగ మానేసినోడు ఎట్లుంటడో ఓదెలు అట్ల తయారైండు. తొవ్వల ఎవడు ఉమ్మినా ఆపి చెప్తడు. బజ్జీల బండి కాడ నిలబడ్డోని భుజం తట్టి "అన్నా, నీ నడుము చూసుకున్నవా" అంటడు. గ్రౌండ్ల అందరికంటె ముందుంటడు, ఆలస్యంగ వచ్చినోని మీద కస్సుమంటడు. "నేను మారలేదా? మీకేం రోగం?" అంటడు.

ఇరవై మూడు రోజుల కింద గట్లనే అయింది. రాజమొగిలి కాళ్ళ దగ్గర బాల్ ఉంది. రాజమొగిలికి యాభై నాలుగేండ్లు, లావు మనిషి, కండ్లు సరిగ కనపడవు. బాల్ ఎటు తన్నాల్నో వెతుక్కుంటుండు. ఓదెలు "ఒకటి, రెండు" అన్నడు. మూడు అనలే. రెండుకే బాల్ గుంజుకున్నడు. రాజమొగిలి తిరిగి మట్టిల పడ్డడు.

"కాకా, బాల్ ఏదో నువ్వేదో సమజ్ కాలే" అన్నడు ఓదెలు.

అందరు నవ్విండ్రు. రాజమొగిలి కూడ నవ్విండు. లేసి లుంగీ దులుపుకొని, చెప్పులు చేతుల పట్టుకొని పోయిండు. తెల్లారి రాలే. ఆ తెల్లారి రాలే.

ఓదెలు ఆ ముచ్చట అప్పుడే మర్చిపోయిండు.

శుక్రవారం నాడు చాయ తాగుకుంట ఉస్తాద్‌ను అడిగిండు.

"ఉస్తాద్, రానోళ్ళ బిళ్ళలు ఎందుకు తగిలిచ్చి పెట్టుడు? తొమ్మిది మంది. కొందరు నెలల సంది వస్తలేరు. వాళ్ళను చూసి వచ్చేటోళ్ళు కూడ సోమరులైతుండ్రు. రాకున్న మేకు ఉంటది గదా అని. మూడు వారాలు రాకపోతె బిళ్ళ తీసేద్దాం. అప్పుడు భయం ఉంటది."

ఉస్తాద్ ఓదెలు గిలాస దిక్కు చూసిండు.

"చాయ తాగినవా బేటా?" అన్నడు.

"తాగుతున్న గదా ఉస్తాద్."

"తాగు. చల్లారుతది."

గంతే అన్నడు. వద్దనలేదంటె ఊఁ అన్నట్టే అనుకున్నడు ఓదెలు. శనివారం అందరికంటె ముందు పోయి దుమ్ము పట్టిన ఆ తొమ్మిది బిళ్ళలు తీసి దస్తీల మూటకట్టి జేబుల పెట్టుకున్నడు. తొమ్మిది మేకులు ఖాళీ అయినయ్. దూరం నిలబడి చూసిండు. ఇల్లు ఊడ్చినట్టు మంచిగ కొట్టింది. ఆ రోజు ఉస్తాద్ రాలే, దవాఖానల ఎవలినో చూడనీకె పోయిండన్నరు.

ఆదివారం ఐదు కాకముందే పదిహేడుకు పదిహేడు మంది వచ్చి నిలబడ్డరు. చూసినవా, భయం పనిచేసింది అనుకున్నడు ఓదెలు. గేటు కాలనీ టీం రెండు ఆటోలల్ల దిగింది. వాళ్ళ కెప్టెన్ వీరస్వామి, పోస్టాఫీసుల పనిచేస్తడు. బూట్లు కొత్తయి. కాలు లేపి లేపి చూపిస్తుండు.

ఉస్తాద్ వచ్చిండు. ఎప్పటి లెక్కనే మొదట చెక్క దగ్గరికి పోయిండు. నిలబడ్డడు. చెయ్యి లేపి ఒక ఖాళీ మేకును ముట్టిండు. తరువాత ఇంకో దాన్ని. ఒక్కొక్కటి ముట్టుకుంట రానోళ్ళ మేకులు తొమ్మిది ముట్టిండు.

"ఎవలు తీసిండ్రు?"

"నేనే ఉస్తాద్" అన్నడు ఓదెలు ఛాతి ముందుకు పెట్టి. "ఇగ చూడుండ్రి, అందరు టైముకు వచ్చిండ్రు."

ఉస్తాద్ తల ఊపిండు. కోపం లేదు ఆయన మొఖంల. ఎండల చాన దూరం నడిచొచ్చినోని లెక్క ఉంది.

"బాల్ ఇయ్" అన్నడు.

ఓదెలు బాల్ ఇచ్చిండు. ఉస్తాద్ అంగి జేబులకెల్లి గాలి కొట్టే సూది తీసి, నోట్లె పెట్టి తడిచేసి, బాల్‌కు గుచ్చిండు.

స్‌స్‌స్‌ అని గాలి పోయింది.

"ఉస్తాద్! ఏం చేస్తుండ్రు!"

వీరస్వామి పకపక నవ్విండు. "ఏం సాబ్, ఓడిపోయినంక తీసే గాలి ముందుగాలనే తీస్తుండ్రా?"

అందరు నవ్విండ్రు. ఉస్తాద్ కూడ నవ్విండు. నవ్వుకుంటనే రెండు చేతుల్ల బాల్‌ను అదిమిండు. బాల్ ఎండిన కమలాపండు తీరుగ అయింది.

"పంపు ఎవని దగ్గరుంది?" అని అడిగిండు.

గాలి కొట్టుడు రాజమొగిలి పని. రోజూ ఆటకు ముందు పంపు పట్టుకొని వచ్చేటోడు. ఈ ఇరవై మూడు రోజులు ఓదెలు పంక్చర్ దుకాణంల కొట్టిచ్చుకొస్తుండు.

"రాజమొగిలి కాక దగ్గర. వద్దు ఉస్తాద్, పంక్చర్ దుకాణంల రెండు నిమిషాలల్ల..."

"పంపు తే" అన్నడు ఉస్తాద్.

ఓదెలు ఉరికిండు.

రాజమొగిలి క్వార్టర్ రెండు గల్లీలు దాటితె వస్తది. తొవ్వ పొడుగూత ఓదెలు మనసుల గునుసుకుంటనే ఉన్నడు. గేటు కాలనీ వాళ్ళ ముంగట పరువు పోయింది. ముసలితనం ఉస్తాద్‌కు, ఇంకేం లేదు.

తలుపు దగ్గర రాజమొగిలి భార్య సరోజన బియ్యం ఏరుతుంది. ఓదెలును చూసి చేట పక్కకు పెట్టింది.

"చిన్నమ్మా, కాక ఉన్నడా? పంపు కావాలె."

"ఉన్నడు. ఉండుడే ఉన్నడు" అన్నది ఆమె మెల్లగ. "ఇరవై రోజులాయె బిడ్డా, గడప దాటలే. పొద్దుగాల పోరడు డ్యూటీకి పోయేటప్పుడైతె అర్రల పోయి తలుపేసుకుంటడు."

పోరని డ్యూటీ సంగతి ఓదెలుకు తెలుసు, ఊర్లె అందరికి తెలుసు. కండ్లు కనపడ్తలేవని రాజమొగిలిని అన్‌ఫిట్ చేసిండ్రు. ఆ నౌకరి కొడుక్కు వచ్చింది. మంచిగైంది అన్నరు అందరు, మిఠాయి కూడ తిన్నరు. కని రోజు పొద్దుగాల తన టిఫిను గిన్నె పట్టుకొని కొడుకు పోతుంటె, ఆ మనిషి ఎటు చూడాల్నో ఎవలు ఆలోచించలే. ఓదెలు అసలే ఆలోచించలే.

లోపల టీవీ నడుస్తుంది, చప్పుడు లేదు. రాజమొగిలి మంచంల కూసొని ఉన్నడు. గడ్డం పెరిగింది. మనిషి ఇంకింత ఉబ్బిండు.

"ఎవలు? ఓదెలా?"

"నేనే కాకా. పంపు కావాలె. మ్యాచ్ ఉంది."

రాజమొగిలి మంచం కింద చెయ్యి పెట్టి పంపు తీసిండు. గుడ్డల చుట్టి ఉంది. వాషర్‌కు కొబ్బరినూనె రాసి పెట్టినట్టుంది, వాసనొచ్చింది.

"తీస్కపో."

ఓదెలు అందుకున్నడు. వెనకకు మల్లి అడుగు ఏసిండు. అడుగు ఏసేసరికి జేబుల దస్తీ మూట ఛల్లుమన్నది. చెయ్యి పెట్టి గట్టిగ అదుముకున్నడు.

"ఓదెలూ."

"ఆఁ కాకా."

"నా బిళ్ళ ఉందారా చెక్క మీద?"

అరచేతుల కింద ఆ తొమ్మిది బిళ్ళలల్ల ఏది కాకదో వేళ్ళతోని కూడ తెలుస్తలేదు.

"ఉంది కాకా" అన్నడు.

"తీసేసిండ్రేమో అనుకున్న."

"ఎందుకు తీస్తరు కాకా."

రాజమొగిలి టీవీ దిక్కు చూసుకుంట మాట్లాడిండు. లేసు దిక్కు చూసుకుంట మాట్లాడినట్టే.

"బాయి హాజరు మస్టర్ల పేరు కొట్టేసిండ్రు. ఇంటి మీద కొడుకు పేరు రాయిచ్చిన. పొద్దుగాల లేస్తె నాతోని ఎవలకు ఏం పనిలేదు. ఆ చెక్క మీద మాత్రం నలబై ఒకటి ఉంటది గదా. ఐదో నంబర్ల దిగినప్పుడు కూడ నాది అదే నంబరు. రేపు పోదాం తియ్యి, రేపు పోదాం తియ్యి అనుకుంట పండుకుంటున్న. రేపు అయితలేదు."

ఓదెలు తలుపు దగ్గర్నే నిలబడ్డడు. గేటు కాలనీ యాదికి లేదు ఇప్పుడు. పరువు యాదికి లేదు.

"కాకా."

"ఊఁ."

"ఆ రోజు నేను మూడు లెక్కపెట్టలే. రెండుకే గుంజుకున్న."

రాజమొగిలి తల తిప్పిండు. సరిగ కనపడని కండ్లు చిన్నగ చేసి చూసిండు.

"నాకు తెల్వదారా? కండ్లు పోయినయ్ గని చెవులు పోలే."

ఓదెలుకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండిట్ల ఏది ముందొస్తదో అని తల వంచుకున్నడు.

"ఆ పంపు ఇటియ్" అన్నడు రాజమొగిలి. "నీకు కొట్టుడు రాదు. దబదబ కొట్టి వాషర్ కొరికేస్తవు. నేనే పట్టుకొస్త." మంచం పట్టుకొని లేసిండు. "సరోజనా, నా చెప్పులేవి?"

సరోజన చెప్పులు తెచ్చి కాళ్ళ ముంగట పెట్టింది. మొఖం అటు తిప్పుకొని కొంగుతోని ముక్కు తుడుచుకున్నది.

"కాకా, మీరు నిమ్మలంగ రాండ్రి. నేను... నేను ముందుగాల పోయి వాళ్ళను ఆపుత."

"ఉరుకు ఉరుకు. నా నడక నీకు తెలుసు గదా."

ఓదెలు ఉరికిండు. బతుకుల ఏ గోల్ కోసం అంత ఉరకలే. కాక కంటె ముందు పోయి చెక్క దగ్గర నిలబడితెనే తను చెప్పింది నిజమైతది. గల్లీల కుక్క ఒకటి ఎంబడి పడ్డది, అది కూడ మధ్యల అలసి ఆగిపోయింది. జేబుల బిళ్ళలు ఛల్‌ఛల్‌మంటనే ఉన్నయ్.

గ్రౌండ్ల గేటు కాలనీ వాళ్ళు మట్టిల కూసొని చాయ తాగుతుండ్రు. ఉస్తాద్ చెక్క ముంగటనే నిలబడ్డడు, పోయినప్పుడు ఎట్లుండెనో అట్లనే.

ఓదెలు దస్తీ ఇప్పిండు. ఇరవై ఆరు ఖాళీ మేకులు, తొమ్మిది బిళ్ళలు. ఏది యాడిదో తెల్వది. ఏడాదిన్నర సంది రోజూ చూసిన చెక్కనే. తన నూట పన్నెండు తప్ప ఇంకొకని మేకు ఎన్నడు చూడలే.

"ఉస్తాద్..."

ఉస్తాద్ చెక్క దిక్కు చూడకుంటనే చెప్పిండు.

"నలబై ఒకటి, పై వరుసల మూడోది."

ఓదెలు తగిలిచ్చిండు.

"ఎనబై మూడు, కింద వరుస చివరిది. టైలర్ అంకూస్. వాని తల్లి మంచాన పడ్డది. పొద్దుమీకి ఆమెకు బువ్వ తినిపిచ్చేది వాడే. గురువారం పోతే ముసలామె నాతోని తల దువ్విచ్చుకున్నది."

ఓదెలు ఎనబై మూడు తగిలిచ్చిండు.

"ఆరు, నడుమ వరుస మొదటిది. పోచమల్లు. మళ్ళ తాగుతుండు. మొన్న నన్ను చూసి గోడ దుంకి పారిపోయిండు."

"గోడ దుంకిండా?"

"దుంకిండు. నిరుడు మెట్లెక్కనీకె ఆయాసపడేటోడు." ఉస్తాద్ కండ్లు నవ్వినయ్. "ఆట వాని మీద పనిచేసింది బేటా."

ఉస్తాద్ ఒక్కొక్కటి చెప్తుండు, ఓదెలు ఒక్కొక్కటి తగిలిస్తుండు. నిన్న దవాఖానల ఉస్తాద్ చూసొచ్చిన మనిషి బిళ్ళ కూడ అందులనే ఉంది. యాభై ఎనిమిది. అది తగిలిచ్చేటప్పుడు ఓదెలు రెండు చేతులు పెట్టిండు.

తొమ్మిది అయినయ్. ఓదెలు ఖాళీ దస్తీ పట్టుకొని నిలబడ్డడు. ఉస్తాద్ అప్పుడు మాట్లాడిండు, తనలో తను మాట్లాడుకున్నట్టు.

"ఒకనాడు షిఫ్టు దిగినంక ల్యాంప్ రూంల ఒక బిళ్ళ మిగిలింది. అందరు పైకొచ్చిండ్రు అన్నరు. వాడు లైటు ఇయ్యకుంట ఇంటికి పోయి ఉంటడు, బిళ్ళ తీసెయ్ అన్నరు."

"తీసిండ్రా ఉస్తాద్?"

"తీస్తె వెతుకుడు ఆపుతరు బేటా."

"అయితె... దొరికిండా ఆ మనిషి?"

ఉస్తాద్ గదుమతోని తొవ్వ దిక్కు చూపిచ్చిండు.

తొవ్వ మీద రాజమొగిలి వస్తుండు. చంకల పంపు పెట్టుకొని, ఒక్కొక్క అడుగు చూసుకుంట, లావు మనిషి, నిమ్మలంగ. గేటు కాలనీ వాళ్ళకు చెయ్యి ఊపిండు, వాళ్ళెవలో కనపడకున్న. సీద చెక్క దగ్గరికి వచ్చి, మొఖం దగ్గరికి పెట్టి వెతికిండు. పై వరుసల మూడోది. దొరికింది. తీసి అరచేతుల పెట్టుకున్నడు. ఉఫ్ అని ఊదబోయి ఆగిపోయిండు.

"గిదేంది ఉస్తాద్, ఇరవై రోజులాయె. దుమ్మే లేదు?"

ఓదెలు కండ్లు భూమిల పెట్టుకున్నడు. చెవులు ఎర్రగైనయ్.

"ఓదెలు తుడుస్తుండు" అన్నడు ఉస్తాద్. "రోజూ తుడుస్తుండు."

రాజమొగిలి ఓదెలు దిక్కు తిరిగిండు. వాని వీపు మీద ఒక్కటి కొట్టిండు, గట్టిగనే. తరువాత బిళ్ళ డబ్బాల ఏసిండు. ఠంగ్ అన్నది.

బాల్‌కు గాలి కొట్టనీకె ఆయనకు పది నిమిషాలు పట్టింది. మధ్యల మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నడు. ఎవలు తొందర పెట్టలే. వీరస్వామి తన కొత్త బూట్లు ఇప్పి పక్కకు పెట్టి, బాల్ పట్టుకొని ముంగట కూసున్నడు.

మ్యాచ్ ఓడిపోయిండ్రు. మూడు గోల్స్ తేడాతోని. చివరికి రాజమొగిలిని కూడ దింపిండ్రు. బాల్ ఆయన కాళ్ళ దగ్గరికి రాంగనె గేటు కాలనీ వాళ్ళు మీదికి వచ్చిండ్రు. ఓదెలు గ్రౌండ్ అటు చివర ఉండి, రెండు చేతులు లేపి, బాయి దాకా వినపడేటట్టు మొత్తుకున్నడు.

"ఒకటీ... రెండూ..."

మూడు అనేసరికి అందరు వాని ఎంబడి అన్నరు. గేటు కాలనీ వాళ్ళు కూడ.

తెల్లారి సాయంత్రం నాలుగుంబావుకే ఓదెలు గ్రౌండ్‌కు వచ్చిండు. ఇంకెవలు రాలే. ఉస్తాద్ ఒక్కడే చాయ కెటిల్ పట్టుకొని వచ్చి గోడ పక్కకు కూసున్నడు. ఓదెలు జేబులకెల్లి దస్తీ తీసిండు, అదే దస్తీ. పై వరుసకెల్లి మొదలుపెట్టి ఒక్కొక్క బిళ్ళ తీసి, తుడిచి, మళ్ళ దాని మేకుకే తగిలిస్తుండు. ఎనబై మూడు తుడిచిండు. ఆరు తుడిచిండు. వాటి మీద నంబర్లు చదువుకుంట తుడుస్తుండు.

నూట పన్నెండు దగ్గర చెయ్యి ఆగింది.

మొదటిరోజు ఊదితె కండ్లల్ల పడ్డ దుమ్ము యాదికొచ్చింది. వేలు మందం దుమ్ము. పేరు అడగకుంటనే నంబరు చెప్పిన ఉస్తాద్ యాదికొచ్చిండు. ఆ రోజు ఉప్మా చేసుకుంట "ఇయ్యాలన్న పోయి రారాదు" అన్న స్వరూప గొంతు యాదికొచ్చింది.

"ఉస్తాద్" అన్నడు ఓదెలు, వెనకకు మల్లి చూడకుంటనే. "నేను రాకముందు, ఈ బిళ్ళ నా కోసం ఎన్ని నెలల సంది ఇక్కడ ఉండె?"

ఉస్తాద్ కెటిల్ వంచి గిలాసల చాయ పోసిండు. గిలాస ఓదెలు దిక్కు జరిపిండు.

"చాయ తాగు బేటా" అన్నడు. "చల్లారుతది."